గిటారునకు రంగు వేసితిమి

మా రెండవ యమ్మాయి వీణ మాని గిటారు పట్టినప్పుడు మా యత్తగారు కొంత నొచ్చుకొనిరి. వాద్యమేదైన నేమి, పిల్ల వ్రేళ్ళు శ్రుతిని వెదకుచున్నవి గదా యని నేనామెను సమాధానపఱచితిని. కాని ఆ పిల్లయే గత సంవత్సరము ఆషాఢమాసమున నాయొద్దకు వచ్చి, "అమ్మా! నాకు కొన్న గిటారు వలదు. విడి భాగములుగా వచ్చు గిటారును తెప్పించి, దానికి నేనే రంగు వేసి, నేనే బిగించుకొందును" అన్నప్పుడు మాత్రము నాకును భయము కలిగెను. మాది కాకినాడ. సముద్రపు గాలి, వానకాలము. ఇంటిలో పనివాడొక్కడును లేడు. అయినను సరే యంటిని. ఆశ్వయుజమున సరస్వతీపూజ నాటికి వాద్యము పీటమీద నుండవలెనని నేనే గడువు పెట్టితిని. ఆ గడువు పెట్టుటయే మొదటి తప్పని యిప్పుడు తోచుచున్నది.

సోదరీమణులలో నెందఱికో ఇట్టి పనితో ప్రసక్తి యుండకపోవచ్చును. కాని బీరువాకో, ఉయ్యాలబల్లకో, పిల్లల కుర్చీకో ఇంట రంగు వేసికొనువారికి మేము పడిన పాట్లు కొంత యుపయోగించునని వ్రాయుచున్నాను.

ఈ గిటారెట్టిది

మామూలు గిటారు డొల్లగా నుండు చెక్కపెట్టె. మన వీణకు కుండ యెట్లో దానికి పెట్టె యట్లు. విద్యుత్ గిటారునకు ఆ డొల్ల యక్కఱ లేదు. ఉక్కు తీగెల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు వేలకొలది చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగెయు నుండును. ఉక్కు తీగె కదలిన రాగితీగెలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. వేఱొక యంత్రము దానిని పెంచి ధ్వనిగా మార్చును. కావున దీని శరీరము గట్టి పలకయే యైనను చాలును.

ఇట్టి పలక గిటారును పెద్దయెత్తున చేసి యమ్మినవారిలో ప్రసిద్ధుడు అమెరికా దేశమున కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయుచుండిన లియో ఫెండర్. ఆయనకు గిటారు వాయించుట రాదు. 1950లో నొక గిటారును, 1954లో స్ట్రాటోకాస్టర్ అను మఱియొక దానిని విక్రయమునకు తెచ్చెను. శరీరము వేఱుగను, మెడ వేఱుగను చేసి నాలుగు మరలతో బిగించుట ఆయన పద్ధతి. నేడు ఇంటికి విడి భాగములుగా వచ్చు గిటారులు చాలవఱకు ఆ పోలికవే. రంగులు సయితము ఆయన మోటారుకార్ల రంగులనుండియే యెన్నుకొనెను. ఫియెస్టా రెడ్ అను నెఱ్ఱని రంగు 1956 నాటి ఫోర్డు కంపెనీ థండర్ బర్డ్ కారుది.

కార్ల రంగునకు మన యూళ్ళతోను సంబంధము కలదు. పూర్వము కారునకు వార్నీషు వేసిన ఆరుటకు వారములు పట్టెడిది. 1920వ దశకమున డ్యూపాంట్ కంపెనీవారు 'డ్యూకో' యను నైట్రోసెల్యులోజు లాకరును తెచ్చుటతో ఆ వారములు గంటలైనవి. నేటికిని మన వడ్రంగులు బీరువాలకు, తలుపులకు గాలియంత్రముతో చల్లు రంగును డ్యూకో యనియే పిలుతురు. మా యమ్మాయి కొనినదియు నీ జాతి రంగే, స్ప్రే డబ్బాలలో వచ్చునది. ఆకాశమువంటి లేత నీలము.

మా పిల్లకు ధైర్యమిచ్చినది బ్రయాన్ మే కథ. ఆయన యింగ్లండు దేశమున 'క్వీన్' అను ప్రసిద్ధ బృందములోని గిటారు వాద్యకుడు. 1963లో పదునాఱేండ్ల బాలుడుగా, తండ్రితో కలిసి ఇంటియొద్దనే తన గిటారును చేయ నారంభించెను. మెడ పాత పొగగూటి చట్రపు కొయ్యనుండి వచ్చెను. స్వరమును కంపింపజేయు చేతికఱ్ఱ చివర, తల్లి యల్లిక సూది కొన. పని ముగియుటకు ఇంచుమించు రెండేండ్లు పట్టెను. పైన పారదర్శకమైన పూత పొర మీద పొరగా వేసిరి. 2002లో ఎలిజబెత్ రాణి సింహాసనారోహణ స్వర్ణోత్సవమున ఆయన బకింగ్‌హామ్ ప్రాసాదపు కప్పుపై నిలిచి వాయించినది ఆ గిటారే. ఈ కథ చెప్పి మా యమ్మాయి, "రెండేండ్లు పట్టెనట, అమ్మా!" అనెను. నేను అల్లిక సూది మాట విని సంతోషించితినే గాని రెండేండ్ల మాట చెవిని పెట్టలేదు.

పూతకు ముందు పని

పెట్టె తెఱచిన దినమున ఆ పలక చూచుటకు నునుపుగనే యుండెను. మహాగని జాతి చెక్క. ఏటవాలు వెలుతురులో చూచిన సూదిపోట్లవంటి సన్నని రంధ్రములు నిండుగా కనబడెను. ఇట్టి చెక్కను నింపక రంగు వేసిన, ఎన్ని పూతలు వేసినను రంగు ఆ రంధ్రములలోనికి క్రుంగి, గుంటలు గుంటలుగా కనబడును. కావున ముందు 180, పిమ్మట 220, ఆ పిమ్మట 320 అంకె గల గరుకు కాగితములతో చెక్క పోగు వెంబడి రుద్ది, లప్పము పెట్టి, ఆరనిచ్చి, మరల రుద్దవలెను. పోగునకు అడ్డముగా రుద్దిన గీతలు చెక్కపై కనబడవు. రంగు పడిన పిమ్మట బయటపడును. రంగు దోషమును కప్పునని మనమందఱము తలచెదము. మెఱయు రంగు దోషమును చూపును. ఈ సంగతి మాకు తెలియుటకు ఒక డబ్బా ఖర్చయ్యెను.

పక్కలందు చెక్క కొసలు బయలుపడు చోట మఱింత తిప్పలు. అచ్చటి నాళములు దప్పిగొన్న నేలవలె పూతను పీల్చుకొనును. రెండవ పూతకు నడుమ మెఱయుచుండగా పక్కలు మాసినట్లుండెను. ఆ చోట్ల రెండు మూడు పూతలు అదనముగా వేయవలసివచ్చెను.

మొదటి చేటు

ఇక నా తప్పును చెప్పెదను. గుమ్మములకు వేయగా మిగిలిన తెల్లని యెనామెలు రంగు డబ్బా యొకటి మా యటకమీద నుండెను. "క్రొత్తది కొననేల? దీనిని అడుగుపూతగా వేయుము" అని నేనంటిని. పిల్ల సందేహించెను. నేను పొదుపును గూర్చి చిన్న యుపన్యాస మిచ్చితిని. ఆమె వేసెను. రెండు దినములకు తెల్లగా, నున్నగా ఆరెను. మూడవనాడు దానిపై నీలపు లాకరును చల్లెను. మేము చూచుచుండగనే రంగు చిటపటలాడినట్లై, ముడతలు దేఱి, నూనెలో వేసిన యప్పడమువలె పైకి లేచెను.

కారణము సులభమైనది. లాకరులోని ద్రావకము మిక్కిలి ఘాటైనది. ఇంటి యెనామెలు పైకి ఆరినట్లున్నను లోపల వారములకొలది మెత్తగా నుండును. ఘాటైన ద్రావకము దానిలోనికి దిగి ఉబ్బించి చింపివేయును. లాకరుపై లాకరు వేసిన మాత్రము క్రొత్త పూత పాతపూతను కొంచెము కరగించి దానిలో కలిసిపోవును. అందుచేత ఒకే జాతి పూతలను వాడవలెననియు, జాతి మార్చిన ముందొక ముక్కపై వేసి చూడవలెననియు నియమము.

రంగంతయు గీకి చెక్క చూచునప్పటికి నాలుగు దినములు పట్టెను. పిల్ల అరచేతులు పొక్కెను. గంటుకట్టిన మూలలలో ఎనామెలు ఇంకను మిగిలియుండెను. మా వీధి వడ్రంగి చూచి, "పిన్నిగారూ! మైనము తీసిన లక్కను స్పిరిట్టులో కరగించి రెండు పూతలు వేయించండి. అది నడుమ అడ్డుగోడగా నుండును" అని చెప్పెను. లక్కపూత పై రంగును క్రింది రంగును కలహింపకుండ కాపాడునట. అట్లే జరిగెను. ఏటికొప్పాక లక్కబొమ్మలతో ఆడుకొని పెరిగినదానను. ఆ లక్కయే అమెరికా వాద్యమునకు మా యింట అక్కఱకు వచ్చుట వింతగా తోచెను. బొమ్మకు లక్క వేయుట తరిమెన మీద జరుగును. చెక్క గుండ్రముగా తిరుగుచుండగా రాపిడి వేడిమికి లక్క కరగి సమముగా పట్టును. గిటారునకో అంచులు, మూలలు, లోతులు. తరిమెన తిప్పు భాగ్యము లేదు. చేతి నిలుకడయే శరణ్యము.

వాన, దోమ, కొబ్బరినూనె

శ్రావణమున మరల ఆరంభించితిమి. డాబాపై రేకుల పందిరి క్రింద కొక్కెమునకు వ్రేలాడదీసి, ముక్కునకు తగిన తొడుగు వేసికొని పిల్ల రంగు చల్లెడిది. డబ్బాను ఎనిమిది పది అంగుళముల దూరమున నుంచి, చేయి ఆగకుండ, ఒక చివరకు ముందే నొక్కి రెండవ చివర దాటిన పిమ్మట వదలవలెను. దగ్గఱగా పట్టిన రంగు కన్నీరువలె కాఱును. దూరముగా పట్టిన దారిలోనే ఆరి, ఇసుక చల్లినట్లు గరుకుగా పడును. తగిన దూరమున పట్టినను పూత కొన్నిసార్లు నారింజతొక్కవలె గుంటలు గుంటలుగా నుండును.

ఒక సాయంకాలము చక్కగా పడిన పూత పది నిమిషములలో పాలు కలిపినట్లు తెల్లబడెను. ద్రావకము వేగముగా ఆవిరియగునప్పుడు చెక్క ఉపరితలము చల్లబడును. చల్లని చెంబుపై చెమ్మ పట్టినట్లు గాలిలోని తేమ దానిపై పట్టి పూతలో చిక్కుకొనును. వానకాలపు కాకినాడలో తేమకు కొదువ లేదు గదా! నెమ్మదిగా ఆవిరియగు ద్రావకమును పలుచగా చల్లి, ఎండ కాచిన దినమున మరల పూత వేయగా ఆ తెలుపు పోయెను. అది మొదలు తెల్లవారుజామున గాని, సందెవేళ గాని, వానమబ్బు నాడు గాని చల్లవలదని నిశ్చయించుకొంటిమి. సందెవేళ వలదనుటకు మఱియొక కారణము దోమ. తడి నీలముపై వ్రాలిన దోమను తీయబోయిన దాని కాళ్ళు మిగిలినవి. ఆరువఱకు ముట్టక, పిమ్మట సన్నని కాగితముతో రుద్దితీయుటయే మార్గము.

మఱియొకనాడు పూతలో చేపకన్నులవంటి గుండ్రని గుంటలు పడెను. ఎంత వెదకినను కారణము తోచలేదు. తుదకు పిల్ల తన జడను ముట్టి వ్రేళ్ళు చూచుకొనెను. ఆ యుదయము తలకు కొబ్బరినూనె వ్రాసినది నేను. నూనె వ్రేలిముద్ర పడిన చోట రంగు నిలువక తొలగిపోవును. ఆ పిమ్మట ఆమె తలకు గుడ్డ కట్టి, చేతులు సబ్బుతో కడిగి గాని పలకను ముట్టలేదు.

రెండవ చేటు

భాద్రపద మాసాంతమునకు నీలము నిలిచెను. దానిపై పారదర్శకమైన లాకరు ఎనిమిది పూతలు పడెను. ఎండలో ఆ పలక తటాకమువలె నుండెను. మా యత్తగారు గూడ మేడ యెక్కి వచ్చి చూచి, "బాగున్నదే, పిల్లా!" అనిరి. పిల్ల దానిని లోపలి గదిలో వ్రేలాడదీసి, మూడు నాలుగు వారములు దీని నెవరును ముట్టవలదని చెప్పి, పరీక్షలకై హైదరాబాదు వెళ్ళెను.

నవరాత్రులు సమీపించుచుండెను. ఇల్లు దులుపవలసి వచ్చెను. బూజు ఆ మెఱుపుపై పడునేమోయని నాకు బెంగ కలిగెను. వ్రేలితో ముట్టి చూచితిని, ఆరిపోయెను. గోటితో తట్టితిని, గట్టిగా నుండెను. మెత్తని పాత నూలుచీర ముక్కను చుట్టి, పరుపుపై పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పితిని. బిడ్డను కప్పినంత జాగ్రత్తగా కప్పితినని చెప్పిన అతిశయోక్తి కాదు.

అయిదు దినములకు పిల్ల వచ్చి చీర విప్పెను. ఆ నేత పడుగు పేకలతో సహా నీలముపై అచ్చుపడియుండెను. వెనుకవైపున ఒకచోట నూలు పోగులు రంగులోనే అంటియుండెను. లాకరు గంటలో చేతికి ఆరినట్లు తోచును గాని లోపలి ద్రావకము వెలువడుటకు వారములు పట్టును. వ్రేలికంటె ముక్కు నమ్మదగినది. ముక్కునకు దగ్గఱగా పెట్టుకొన్నప్పుడు ద్రావకపు వాసన వచ్చునంతవఱకు అది పచ్చిదే. ఇది నాకు తెలియదు. తెలిసికొనుటకు అడుగనైనను లేదు.

"అమ్మా! ఎవరు కప్పినారు?" అని పిల్ల అడిగెను.

"నేనే" నంటిని.

ఆమె కోపపడిన బాగుండెడిది. మాటాడక దానిని తీసికొని మేడపైకి పోయెను. పది దినములు దాని ప్రసక్తి తేలేదు. పాత గిటారును సయితము ముట్టలేదు. భోజనమునకు పిలిచిన వచ్చి తిని లేచిపోయెడిది. ఆ నీలపు పలకకై ఆమె తన పారితోషికపు డబ్బంతయు ఖర్చు చేసినది; అంతకంటె, తన చేతులతో నొక వస్తువును ఆద్యంతము చేయగలనను నమ్మకమును దానిపై పెట్టినది. మొదటిసారి నా పొదుపును, రెండవసారి నా ప్రేమను ఆమె సహించవలసివచ్చెను.

నా బాధ చూచి మా యత్తగారొకనాడు, "ఆవకాయ కలిపిన మూడవనాటి వఱకు జాడీ ముట్టవలదని ఇంటిల్లిపాదిని శాసింతువు గదా. దీనినేల ముట్టితివి?" అనిరి. నాకు సమాధానము లేకపోయెను. ఆ సాయంకాలమే మేడపైకి పోయి, "తల్లీ! తప్పు నాది. గడువు కూడ నాదే, దానిని తీసివేయుచున్నాను. ఎప్పటికైన సరే" యని చెప్పితిని. పిల్ల కొంతసేపూరకుండి, "అయితే బక్కెటుతో నీళ్ళు తెమ్ము. నీవును రుద్దుదువుగాని" అనెను.

రుద్దుట

800 అంకె కాగితముతో ఆరంభించి 1000, 1500, 2000 వఱకు, సబ్బు చుక్క కలిపిన నీటిలో తడిపి, చదునైన ముక్కకు చుట్టి రుద్దితిమి. వ్రేళ్ళతో రుద్దిన గాళ్ళు పడును. అంచులయొద్ద పూత మిక్కిలి పలుచన. అచ్చట రెండు రాపిడులు ఎక్కువైన చెక్క బయటపడును. మరల రంధ్రములలోనికి నీరు దిగిన చెక్క ఉబ్బి, చుట్టును పూత బీటలు వాఱును. కావున రంధ్రముల చుట్టు పొడిగనే రుద్దవలెను. మెడ కూర్చుండు గాడిలో రంగు పడకుండ ముందే కాగితము అంటింపవలెను. లేనిచో పూతల మందమునకు మెడ లోనికి దిగదు. ఈ యొక్క సంగతిలో మాత్రము పిల్ల మొదటినుండియు జాగ్రత్త పడినది.

సరస్వతీపూజ నాడు గిటారు సగము రుద్దినదై, మెఱుపు లేక, తీగెలు లేక యుండెను. దానిని నేను దాచబోగా మా యత్తగారే తెప్పించి, వీణ ప్రక్కన పీటపై నుంచి కుంకుమ పెట్టిరి. కుంకుమ రంగునకు తగులకుండ కాగితము పఱచి పెట్టిరి. ఆమె నాకంటె త్వరగా నేర్చుకొనిరి.

కార్తికమున మరి నాలుగు పూతలు వేసి, నెలదినములు ఊరక వదలితిమి. మార్గశిరమున మెఱుగుపెట్టి తీగెలు కట్టితిమి.

కొన్ని హెచ్చరికలు

లాకరు ఆవిరి క్షణములో అంటుకొనును. వంటగదికి, దీపమునకు, అగరువత్తికి దూరముగా, గాలి యాడు చోట చల్లవలెను. ధూళిని ఆపు తొడుగు ఆవిరిని ఆపదు. ఆవిరులకై ప్రత్యేకించిన తొడుగు కొనవలెను. రెండు పాళ్ళు కలిపి వేయు పాలియురెతేను రంగులలో ఐసోసయనేట్లు అను పదార్థము లుండును. అవి ఉబ్బసమును తెచ్చునవి. ఇంట వానిని చల్లకుండుటయే మేలు. గర్భిణులును పసిపిల్లలును ఆ దరి నుండరాదు. ఇన్ని బాధలు వలదనుకొనువారు గుడ్డతో నూనెపూత వేసికొనవచ్చును. కాని అవిసెనూనె తడిపిన గుడ్డలను కుప్పగా వేసిన వానియంతట అవే వేడెక్కి మండును. వానిని విప్పి ఆరవేయవలెను.

ఇంతపాటు పడిన పిమ్మట మా యమ్మాయి నాకొక చిత్రము చూపెను. ఐర్లండు దేశపు రోరీ గాలఘర్ అను వాద్యకుని 1961 నాటి స్ట్రాటోకాస్టర్. ఏండ్ల తరబడి వాయించుటచే రంగు చాలవఱకు పోయి చెక్క కనబడుచున్నది. నేడు కంపెనీవారు క్రొత్త గిటారులకు రంగు గీకి, పాతవానివలె చేసి, ఎక్కువ వెలకు అమ్ముచున్నారట. నేను నవ్వుకొంటిని.

మా గిటారు వెనుకవైపున, క్రింది యంచునకు దగ్గఱగా, వెలుతురున కెదురుగా పట్టిన నా చీర నేత ఇప్పటికిని సన్నగా కనబడును. దానిని తీసివేయుమని నేనెన్నిసారులో చెప్పితిని. "అచ్చట ఇంక రుద్దిన చెక్క వచ్చునమ్మా, ఉండనిమ్ము" అని పిల్ల తీగెలు సవరించుకొని వాయింప మొదలుపెట్టును.